పై గీత కోసం: లాంగ్ క్యూటీ మందుల పరిశోధనలో నా అనుభవం

నేను గుండె మీద మక్కువతో ఈ రంగంలోకి రాలేదు. హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీకి ఎక్కడ పడితే అక్కడ అప్లై చేశాను. జర్మనీలోని గోటింగెన్‌లో ఒక ల్యాబ్ రమ్మంది, వెళ్లాను. వాళ్లు నా చేతికిచ్చిన అంశం లాంగ్ క్యూటీ సిండ్రోమ్ టైప్ 2. అప్పటికి అది నాకు పాఠ్యపుస్తకంలో ఒక పేరా మాత్రమే.

వంశపారంపర్యంగా వచ్చే గుండె లయ జబ్బుల్లో ఇదొకటి. వీటితో చిక్కేమిటంటే గుండె చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎకో నార్మల్, యాంజియో నార్మల్, చనిపోయాక కోసి చూసినా ఏమీ దొరకదు. తేడా అంతా కరెంటులో. ఒకసారి కొట్టుకున్నాక గుండె కణాలు మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూ నుంచి టీ దాకా కొలుస్తారు. మామూలుగా 400 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. 500 దాటితే డాక్టర్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ సాగిన వేళలో ఒక అదనపు స్పందన పడిందంటే లయ మొత్తం మెలితిరిగిపోయి మనిషి కుప్పకూలతాడు. దానంతటదే సర్దుకుంటే స్పృహ వస్తుంది, లేకపోతే ప్రాణం పోతుంది. ఇలాంటి పిల్లల్ని ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడించిన సందర్భాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

మొదటి నెలల్లో నన్ను పాత పేపర్లు చదవమన్నారు. 1957లో నార్వేలో ఆంటన్ జెర్వెల్, ఫ్రెడ్ లాంగె-నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు, క్యూటీ పొడవు, మాటిమాటికీ స్పృహ తప్పడం. వాళ్లలో ముగ్గురు నాలుగు, ఐదు, తొమ్మిదేళ్ల వయసులో హఠాత్తుగా పోయారు. అది చదువుతుంటే మా వైపు మేనరికాలు గుర్తొచ్చాయి. ఆ రకం జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడ్డవే రావాలి. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. అందుకే పుట్టు చెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కి ముందు ఈసీజీ తీసి క్యూటీ కొలవాలంటారు. నా పరిశోధన సంగతి ఎవరికి పట్టినా పట్టకపోయినా ఈ ఒక్క ముక్క మాత్రం మనవాళ్లలో నలుగురికీ తెలియాలి.

నేను చదివే టైప్ 2లో ఒక్క చెడ్డ కాపీ చాలు. 1990ల్లో అమెరికాలోని యూటాలో మార్క్ కీటింగ్ బృందం పెద్ద పెద్ద కుటుంబాల రక్తం సేకరించి జన్యువులు వెతికింది. 1995లో రెండు, ఆ మరుసటి ఏడాది ఇంకొకటి తేల్చారు. ఏ జన్యువు చెడిందన్న దాన్ని బట్టి మనిషి పడిపోయే సందర్భం కూడా మారుతుంది. టైప్ 1 వాళ్లకు పరుగు, ముఖ్యంగా ఈత ప్రమాదం. టైప్ 2 వాళ్లకు అలారం, ఫోన్ మోత లాంటి ఉలిక్కిపడే శబ్దం. టైప్ 3 వాళ్లకు ఎక్కువగా విశ్రాంతిలో, నిద్రలో. ఒకే పేరు కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయని అప్పుడే అర్థమైంది. టైప్ 2 లోపల కూడా మళ్లీ రకాలున్నాయని అర్థం కావడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది. నేను చెప్పబోయేది దాని గురించే.

మందులు లేవా అంటే ఉన్నాయి. గుండె మీద అడ్రినలిన్ జోరు తగ్గించే ప్రొప్రనొలాల్, నాడొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఇప్పటికీ మొదటి వరసలో ఉన్నాయి. అవి చాలకపోతే ఛాతీలో ఎడమ వైపు గుండెకు వెళ్లే, దాన్ని ఉరికించే సింపతెటిక్ నరాలను కత్తిరిస్తారు, ఈ జబ్బుకు ఆ ఆపరేషన్ గురించి మొదట రాసింది 1971లో. ఇంకా ప్రమాదం ఉన్నవాళ్లకు, లయ తప్పితే షాక్ కొట్టి సరిచేసే ఐసీడీని ఛాతీలో పెడతారు. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం 1980లో మొదటిసారి మనిషికి అమర్చిన పరికరం అది. ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. కానీ పదేళ్ల పిల్లకు పెడితే జీవితాంతం బ్యాటరీలు మార్పించుకోవాలి, అనవసరంగా షాక్ కొట్టినప్పుడు భరించాలి. పైగా ఇవేవీ చెడిపోయిన చానల్‌ను, అంటే గుండె కణంలో కరెంటు నడిపే దారిని, బాగుచేయవు. బీటా బ్లాకర్ టైప్ 1లో కాపాడినంత గట్టిగా టైప్ 2లో కాపాడదు. కొత్త మందు కావాలనే మాట అక్కడి నుంచి వస్తుంది.

నా దగ్గరికి వచ్చింది ఒక చిన్న ట్యూబులో రక్తం. మనిషి ఎవరో తెలియదు, తెలియకూడదు కూడా. ఉన్నవి కోడ్ నంబరు, కేసీఎన్‌హెచ్2 అనే జన్యువులో మారిన ఒక్క అక్షరం, సంతకం పెట్టిన అంగీకార పత్రం ఉందన్న ఒక టిక్కు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ని హెర్గ్ చానల్ అంటారు. కణంలోంచి పొటాషియం బయటికి పోయే దారి అది. ఆ దారి సన్నబడితే గుండె కణం తేరుకోవడం ఆలస్యమవుతుంది, క్యూటీ సాగుతుంది. విచిత్రం ఏమిటంటే, జన్యువు బాగున్నవాళ్లకు కూడా కొన్ని మందులు ఇదే చానల్‌ను మూసేస్తాయి. అలర్జీకి వాడే టెర్ఫెనడిన్, కడుపు మంటకు వాడే సిసాప్రైడ్ అమెరికా మార్కెట్‌లోంచి పోవడానికి ఇదే కారణం. ఇప్పుడు కొత్త మందులు దాదాపు అన్నీ ఈ చానల్ మీద పరీక్షకు నిలబడాల్సిందే.

బతికున్న మనిషి గుండెలోంచి ముక్క కోసి తెచ్చుకోలేం కదా. రక్తంలోంచే గుండె కణాలు తయారుచేయాలి. జపాన్‌లో షిన్యా యమనాక 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చూపించిన దారి అది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా. ఎలుకలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే సెండై వైరస్‌ను నిర్వీర్యం చేసి, దానితో నాలుగు జన్యువులను రక్తకణాల్లోకి పంపిస్తాం. తర్వాత వారాల తరబడి ఎదురుచూపు. చాలా కణాలు చచ్చిపోతాయి. మిగిలిన వాటిలోంచి గుండ్రంగా, అంచులు నున్నగా ఉన్న చిన్న చిన్న గుంపులు లేస్తాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి, మంచి గుంపేదో కంటితో చూసి, సన్నటి పిపెట్ కొనతో గీకి వేరే గిన్నెలోకి మార్చాలి. ఇవి మూలకణాలు. రోజూ తిండి మార్చాలి, ఆదివారం లేదు, పండగ లేదు. అమ్మకు ఇది చచ్చినా అర్థమయ్యేది కాదు. "ఒక్కరోజు తినకపోతే ఏమవుతాయే అవి?" అనేది. చచ్చిపోవు గానీ అలిగి ఇంకేదో కణాలుగా మారిపోతాయమ్మా అని చెప్పాను. "మీ నాన్న పోలిక" అని ఫోన్ పెట్టేసింది.

మూలకణాన్ని గుండె కణంగా మార్చడం వంటకంలాగే కాగితం మీద తేలిక. గిన్నె అడుగు దాదాపు నిండాక ఒక మందు వేసి ఒక సంకేతాన్ని లేపాలి, రెండు మూడు రోజులు పోయాక ఇంకో మందుతో అదే సంకేతాన్ని అణచాలి. అదే పద్ధతి, అదే మనిషి, అదే సీసా. అయినా ఒక బ్యాచ్‌లో గిన్నె నిండా గుండె కణాలు, ఇంకో బ్యాచ్‌లో ఏమిటో తెలియని పొర. కొత్త లాట్ కోటింగ్ జెల్ వచ్చినప్పుడల్లా ల్యాబంతా ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకునేవాళ్లం. కుదిరిన బ్యాచ్‌లో వారం దాటాక కొట్టుకోవడం మొదలవుతుంది. ముందు గిన్నె ఒక మూలన, గసగసాల గింజంత మేర, అదిరిందా లేదా అన్నట్టు ఒక్క కదలిక. చాలాసేపటికి ఇంకోటి. మర్నాటికి పొరంతా ఒక్కసారిగా ముడుచుకుని విచ్చుకుంటూ ఉంటుంది. మనిషెక్కడో ఉన్నాడు, అతని రక్తంలోంచి వచ్చిన కణాలు ఇక్కడ ప్లాస్టిక్ గిన్నెలో నిమిషానికి నలభై, యాభై సార్లు కొట్టుకుంటున్నాయి. మొదటిసారి చూసినప్పుడు పక్క గదిలో వాళ్లందర్నీ పిలిచాను. వాళ్లకది మామూలే అయినా మర్యాదకి వచ్చి చూసి వెళ్లారు.

కొలతలు మొదలయ్యాకే గొడవ మొదలైంది. పోల్చడానికి ఒక ఆరోగ్యవంతుడి కణాలు ఉంచుకున్నాం. రోగి కణాల్లో స్పందన పొడవుగా ఉండాలి, ఆరోగ్యవంతుడివి పొట్టిగా ఉండాలి. మాకు తిరగబడింది. ఆరోగ్యవంతుడి స్పందనే పొడవు! నెల రోజులు నిద్రపట్టలేదు. గైడ్ మాత్రం ఏమీ కంగారు పడలేదు. మనిషికీ మనిషికీ జన్యువుల్లో లక్షల తేడాలుంటాయి, నువ్వు చూస్తున్నది ఆ తేడాలనా, ఈ ఒక్క అక్షరాన్నా అని అడిగారు. దానికి విరుగుడు క్రిస్పర్, జన్యువులో అక్షరాలు దిద్దే పద్ధతి. రోగి కణాల్లోనే ఆ ఒక్క అక్షరాన్ని సరిచేసి, మిగతాదంతా అలాగే ఉంచి, వాటిని పోలికగా పెట్టుకోవాలి. దాంతో దాదాపు ఏడాది పోయింది. కానీ ఆ జత చేతికొచ్చాక లెక్క సరిపోయింది, సరిచేసిన కణాల స్పందన పొట్టిగా, సరిచేయనివి పొడవుగా. మందు పనిచేసిందంటే ఎంత మేర పనిచేసిందో చెప్పడానికి గీటురాయి దొరికింది. ఈ రంగంలో పేపర్లు చదివేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఎవరితో పోల్చారో చూడకుండా గ్రాఫ్‌ చూసి మురిసిపోకూడదు.

స్పందన కొలిచే పద్ధతి ప్యాచ్ క్లాంప్. అది పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. ఇక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో ఒకే ఒక్క చానల్ గుండా పోయే కరెంటును కొలిచి చూపించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. ఆ ఊళ్లో ఉండి ఈ పని రాదంటే పరువు పోతుంది. గాజు గొట్టాన్ని వేడిచేసి లాగి, కంటికి కనిపించనంత సన్నటి కొన తీసి, ఒక్క కణం మీద ఆనించి, నోట్లో పెట్టుకున్న ట్యూబుతో అతి మెల్లగా పీల్చాలి. గాజూ కణం పొరా అతుక్కుంటే తెరమీద నిరోధం గిగా ఓమ్‌కి ఎగబాకుతుంది. ఇంకొంచెం పీలిస్తే పొర తెగి లోపలికి దారి దొరుకుతుంది. ఎక్కువ పీలిస్తే కణం గొట్టంలోకి వచ్చేస్తుంది. మా టెక్నీషియన్ ఒక పెద్దావిడ, ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. చెయ్యి వణుకుతుందని ప్యాచ్ చేసే రోజు పొద్దున కాఫీ ముట్టేది కాదు. తెర మీద గోడ ప్లగ్గుల కరెంటు నుంచి 50 హెర్ట్జ్ అలలు వస్తుంటే కంప్యూటర్ సెట్టింగులు గెలికే నన్ను పక్కకు జరిపి, గదిలో ఒక్కో ప్లగ్గే పీకుతూ పోయేది. ఒకసారి దొంగ దొరికింది, ఎవరిదో ఫోన్ చార్జర్.

అయితే నా పరిశోధన మలుపు తిరిగింది ప్యాచ్ దగ్గర కాదు, వెస్టర్న్ బ్లాట్ అనే పాతకాలపు పరీక్ష దగ్గర. కణాల్లోని ప్రొటీన్‌ని జెల్‌లో పరిగెత్తిస్తే హెర్గ్ రెండు గీతలుగా కనిపిస్తుంది. కింది గీత 135 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర, ఇంకా తయారీలో ఉన్న ప్రొటీన్. పై గీత 155 దగ్గర, పూర్తిగా ముస్తాబై కణం అంచుకు చేరినది. సరిచేసిన కణాల్లో రెండు గీతలూ చక్కగా ఉన్నాయి. రోగి కణాల్లో కింది గీత నల్లగా ఉంది, పై గీత వెలిసిపోయింది. అంటే చానల్ తయారవుతోంది, కానీ గమ్యం చేరడం లేదు. మడత సరిగా పడని ప్రొటీన్‌ని కణం లోపలే ఆపేస్తుంది, కుట్టు తేడా ఉన్న చొక్కాను కొట్టు గుమ్మం దాటనివ్వని దర్జీలా. నష్టం సగమే కదా, రెండో కాపీ మంచిదే కదా అంటే, చానల్ నాలుగు ముక్కలు కలిస్తేనే అవుతుంది. నాలుగూ మంచివే పడే అవకాశం పదహారింట ఒకటే.

ఇలా మధ్యలో చిక్కుకున్న ప్రొటీన్‌ని బయటికి తేవచ్చని ముందే తెలుసు. 1999లో ఎన్470డి అనే మార్పు మీద పనిచేసిన బృందం, కణాలను చల్లగా 27 డిగ్రీల దగ్గర ఉంచితే ప్రొటీన్ అంచుకు చేరుతుందని చూపించింది. నేనూ గిన్నెను 27 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి చూశాను. పై గీత వచ్చింది! మనిషిని 27 డిగ్రీలకు చల్లబరచలేం అనుకోండి. ఆ బృందమే ఈ-4031 అనే రసాయనం కూడా ప్రొటీన్‌ని అంచుకు తెస్తుందని చూపించింది, కానీ అది హెర్గ్ చానల్‌ను మూసేసే మందు. గుమ్మం దాకా తెచ్చి తలుపేసేస్తుంది. మరి మూయకుండా తెచ్చేది ఏది?

అప్పటికి ఇటలీ బృందం ఒకటి, పీటర్ ష్వార్ట్స్ వాళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు వాడే లూమాకాఫ్టర్‌ను ప్రయత్నించారు. ఆ జబ్బులోనూ ప్రొటీన్ మడత సరిగా పడక లోపలే ఆగిపోతుంది. 2018లో టైప్ 2 రోగుల నుంచి చేసిన గుండె కణాల మీద ఫలితం చూపించారు, 2019లో ఇద్దరు రోగులకు ఇచ్చి చూస్తే క్యూటీ తగ్గింది. గిన్నెలోంచి మంచం దాకా ఇంత తొందరగా వెళ్లిన ఉదాహరణ నాకింకోటి తెలియదు. మా కణాలకూ అదే వేశాం. పై గీత చిక్కబడింది, ఎగిరి గంతేశాను. ప్యాచ్ చేస్తే కరెంటు పెరిగింది కానీ గీత పెరిగినంత పెరగలేదు. స్పందన కొంత పొట్టిబడింది, సరిచేసిన కణాలంత కాదు. అంచుకు చేరిన చానల్ సరిగా తెరుచుకోవాలని ఎక్కడుంది? ఇంకో కోడ్ నంబరు కణాల మీద అదే మందు, అదే మోతాదు వేస్తే పై గీత కదలనే లేదు. జన్యువు అదే, జబ్బు పేరదే, మారిన అక్షరం వేరు.

నేను తేల్చుకున్నది ఇదే. టైప్ 2కి ఒక మందు అని వెతకడం దండగ. మార్పు మార్పుకీ చానల్ ఎక్కడ దెబ్బతింటోందో ముందు తెలియాలి: తయారవ్వట్లేదా, చేరట్లేదా, చేరినా తెరుచుకోవట్లేదా. సమాధానాన్ని బట్టి మందు. సీపీవీటీ అనే ఇంకో గుండె లయ జబ్బులోనూ ఇలాగే జరిగింది. ఏనాటి నుంచో ఉన్న ఫ్లెకైనైడ్ దానికి పనికొస్తుందని 2009లో బయటపడింది. కొత్త వైద్యం అంటే చాలాసార్లు పాత మందుకు సరైన మనిషిని వెతికిపెట్టడమే.

జీన్ థెరపీ సంగతి అందరూ అడుగుతారు. మేయో క్లినిక్‌లో మైకేల్ ఆకర్‌మన్ బృందం 2021లో చెడ్డ, మంచి రెండు కాపీలనూ అణిచి, వాటి స్థానంలో అణగని కొత్త కాపీ ఇచ్చే పద్ధతిని టైప్ 1 కణాల్లో చూపించింది. మార్పు ఏదైనా ఒకే మందు సరిపోతుంది, నా గొడవంతా ఒక్క దెబ్బతో తప్పుతుంది. అందంగా ఉంది, చూస్తే నాకు కాస్త కుళ్లుగా కూడా ఉంది. కానీ గుండె మొత్తానికి వైరస్‌తో జన్యువును చేర్చాలంటే మోతాదు పెద్దది, కాలేయం మీద భారం పడుతుంది, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. లూమాకాఫ్టర్ ఉన్న మాత్ర 2015లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఏడాదికి 2 లక్షల 59 వేల డాలర్లు. ఇంకోవైపు బ్రుగాడా అనే మరో గుండె లయ జబ్బు వాళ్లకు పనికొచ్చే క్వినిడిన్ సింకోనా బెరడులోంచి వచ్చే పాత మందు, లాభం లేదని చేసేవాళ్లు తగ్గిపోయి చాలా దేశాల్లో దొరకదు. ఖరీదైనదీ అందదు, చవకదీ అందదు.

ఒకసారి ఊళ్లో ఈ జబ్బుల కుటుంబాల సమావేశం జరిగితే మా కణాల వీడియో చూపించమన్నారు. అరకొర జర్మన్‌లో గీతల గురించి చెప్పాను. అయ్యాక ఒకావిడ లేచి, "మా అమ్మాయికి టైప్ 2. బడికి పొద్దున్నే లేవాలి, అలారం పెట్టుకోవచ్చా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్కనే ఉన్న కార్డియాలజిస్ట్ అందుకుని, మోగే అలారం వద్దు, చేతికి కట్టుకుంటే మెల్లగా అదిరే వాచీ కొనండి, లేదా మీరే వెళ్లి తట్టి లేపండి, ల్యాండ్‌లైన్ పడగ్గదిలోంచి తీసేయండి, పొటాషియం తగ్గకుండా చూసుకోండి, విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఫోన్ చేయండి అని వరసగా చెప్పింది. ఆ తల్లి కాగితం మీద రాసుకుంది. ఆరోజు హాల్లో అందరికన్నా పనికొచ్చే మాటలు అవే.

ఇంటి నుంచి ఫోన్లు వస్తే నేనూ ఇప్పుడు అలాంటివే చెబుతున్నాను. కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా నిద్రలోనో నీళ్లలోనో కారణం తెలియకుండా పోయి ఉంటే తోబుట్టువులందరికీ ఈసీజీ తీయించమంటాను. క్యూటీ పొడవుందని తేలినవాళ్లు మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి తెచ్చేసుకోకూడదు, అవి క్యూటీని ఇంకా సాగదీస్తాయి. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు జబ్బు పేరు చెప్పాలి. బీటా బ్లాకర్ ఒక్కపూట కూడా మానకూడదు. "మరి నువ్వు చేసే మందో?" అంటారు. ఇంకా చాలా దూరం ఉంది అంటాను.

ఆ రెండో కోడ్ నంబరు కణాల్లో చానల్ ఎక్కడ ఆగిపోతోందో ఇంకా తేలలేదు. 27 డిగ్రీల దగ్గర కూడా పై గీత రాలేదు కాబట్టి మడత సమస్య కాకపోవచ్చు, అసలు ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు, ఆర్ఎన్ఏ, దగ్గరే తేడా ఉందేమో చూస్తున్నాం. విడి కణాలు గర్భంలో బిడ్డ గుండె కణాల్లా పచ్చిగా ఉంటాయని, వాటితో చిన్న కండర పట్టీలు అల్లి మళ్లీ మొదటి నుంచీ కొలవమన్నారు గైడ్. ప్యాచ్ గది బుకింగ్ షీట్‌లో వచ్చే నెలకు నాకు దొరికినవన్నీ రాత్రి వేళలే. అదీ ఒకందుకు మంచిదే, ఆ టైములో చార్జర్లు పెట్టేవాళ్లెవరూ ఉండరు.